బీఏ సెక్షన్ ఖాళీ అవుతుంటే ప్రిన్సిపాల్ మేడం ఏం చేయగలరు?

డిగ్రీ అడ్మిషన్లు జరిపే ఆన్‌లైన్ వేదిక దోస్త్ మొదటి విడత సీట్లు ప్రకటించిన రోజు డిగ్రీ కాలేజీ ఆఫీసులో ఎవరూ కుదురుగా కూర్చోరు. బీకాం కంప్యూటర్స్ ఎంత నిండింది, లైఫ్ సైన్సెస్‌కు ఎందరొచ్చారు అని గబగబా చూసుకుంటూ పోయి చివరికి బీఏ దగ్గర ఆగుతారు. అరవై సీట్ల హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ సెక్షన్‌లో పద్దెనిమిది పేర్లు కనిపించాయనుకుందాం. అందులో ఎందరు సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి సీటు ఖాయం చేసుకుంటారో, ఎందరు రెండో విడతకల్లా ఇంకో కాలేజీకి పోతారో తెలియదు. ఆ సెక్షన్ నిలబడకపోతే ఇద్దరు ముగ్గురు లెక్చరర్లకు పని ఉండదు, పని లేకపోతే పోస్టు ఉండదు, పోయిన పోస్టు మళ్లీ రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్‌లలో ఆడపిల్లల కోసమే నడిచే డిగ్రీ కాలేజీలో ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోవడమంటే ప్రతి ఏడూ ఈ టెన్షన్‌తో మొదలుపెట్టడమే.

నాయకత్వం గురించి సెమినార్లలో విజన్, మిషన్ అని పెద్ద మాటలు వినిపిస్తాయి. గేటు పక్కన బోర్డు మీద రాయించి కూడా పెడతారు. కానీ మన దగ్గర డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ చేతిలో లేనివి లెక్కపెడితే వేళ్లు సరిపోవు. అడ్మిషన్లు దోస్త్ చేతిలో ఉంటాయి. కోర్సుకు అనుమతి, సిలబస్, డిగ్రీ పట్టా కాకతీయలాంటి విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యా మండలి చేతుల్లో ఉంటాయి. సర్కారు కాలేజీ అయితే పోస్టులు, బదిలీలు కళాశాల విద్యా కమిషనరేట్ చూసుకుంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందో ఆర్థిక శాఖకే తెలియాలి. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి చిన్న పనుల్లాగా కనబడతాయి: టైం టేబుల్ ఎలా వేయాలి, ఫస్టియర్‌కు ఎవరు పాఠం చెప్పాలి, రెండు క్రెడిట్ల పేపర్లలో ఏం పెట్టాలి, పెళ్లి కుదిరిందని టీసీ అడగడానికి వచ్చిన తండ్రితో ఎవరు మాట్లాడాలి. మహిళా కాలేజీలో మార్పు వస్తే ఇక్కడి నుంచే వస్తుంది. రాకపోయినా ఆగిపోయేది ఇక్కడే.

అన్నీ ఒక్క ఏడాదే వచ్చిపడ్డాయి

ఇప్పటి పరిస్థితి అర్థం కావాలంటే 2016కు వెళ్లాలి. ఆ ఒక్క ఏడాదిలో నాలుగు మార్పులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. డిగ్రీ అడ్మిషన్లన్నీ ఆన్‌లైన్‌లో జరిపే దోస్త్ మొదలైంది. ఏడాదికోసారి రాసే పరీక్షలు పోయి సెమిస్టర్లు, క్రెడిట్లతో సీబీసీఎస్ వచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ ఆడపిల్లల కోసం 30 రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలు తెరిచింది. దసరా నాటికి పాత వరంగల్ జిల్లా ఐదు జిల్లాలైంది, 2019లో ములుగు కూడా వేరు పడింది. ఒక్కోదాన్ని విడిగా చూస్తే మంచి ఉద్దేశంతో తెచ్చిందే. నాలుగూ కలిసి పడింది మాత్రం పట్నంలోని పాత మహిళా కాలేజీ మీద.

దోస్త్ రాకముందు కాలేజీకి, ఊరికి మధ్య మనుషులు ఉండేవాళ్లు. లెక్చరర్లు జూనియర్ కాలేజీలకు పోయి చెప్పేవాళ్లు. అప్లికేషన్ ఫారం కోసం తండ్రి బిడ్డను వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చేవాడు, హాస్టల్ ఎక్కడుందో, ప్రహరీ గోడ ఎంత ఎత్తుందో, మేడం ఎట్లాంటి మనిషో కళ్లారా చూసుకుని పోయేవాడు. ఆ పద్ధతిలో సిఫార్సులూ పైరవీలూ ఉండేవి, కాదనలేం. ఇప్పుడు అవి తగ్గాయి, రిజర్వేషన్ రోస్టర్ పక్కాగా అమలవుతోంది, డిగ్రీలో చేరేవాళ్లలో అబ్బాయిలకంటే అమ్మాయిలే ఎక్కువ కనబడుతున్నారు. పోయింది ఆ ముఖపరిచయం. ఇప్పుడు వెబ్ ఆప్షన్లు పెట్టేది నర్సంపేటలోనో పరకాలలోనో ఉన్న నెట్ సెంటర్‌లో. ఏ కాంబినేషన్ మంచిదని అమ్మాయి అడిగితే జవాబు చెప్పేది ఆ నెట్ సెంటర్ అబ్బాయే. ఉత్తర తెలంగాణలో అతిపెద్ద కెరీర్ కౌన్సెలర్ ఎవరంటే అతనే అనాలి, జీతం మాత్రం ఒక్కో దరఖాస్తుకు యాభయ్యో వందో. కొన్ని ప్రైవేటు కాలేజీల మనుషులు పిల్లల ఓటీపీలు తీసుకుని ఆప్షన్లు వాళ్లే పెట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన ప్రిన్సిపాల్ ఫ్లెక్సీల మీద ఖర్చు పెట్టడం మానేసి, ఇంటర్ పరీక్షలు అయిపోగానే మండల కేంద్రాల్లోని నెట్ సెంటర్లకు ఒక పేజీ కాగితం పంపిస్తారు: మా కాలేజీ కోడ్ ఇది, కోర్సులు ఇవి, ఫలానా కోర్సు చదివితే తర్వాత ఇవి రాయొచ్చు, అనుమానం వస్తే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి. పేజీ జిరాక్సు తీయడానికి పైనుంచి ఏ అనుమతీ అక్కర్లేదు.

గురుకుల డిగ్రీ కాలేజీలది వేరే లెక్క. అక్కడ తిండి, వసతి, చదువు అన్నీ ఉచితం. పేదింటి అమ్మాయికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు, దాని మీద ఫిర్యాదు చేయడం అన్యాయం. అయితే పట్నంలోని మహిళా కాలేజీకి వచ్చేవాళ్లలో చురుగ్గా ఉండే కొందరు అటు పోయారు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది రోజూ ఊరి నుంచి వచ్చిపోయేవాళ్లు. అంటే కాలేజీ స్వభావమే మారింది. హాస్టల్ పిల్లల కోసం తయారైన పాత టైం టేబుల్ బస్సు పిల్లలకు సరిపోదు. ఈ ముక్క గుర్తించడానికే చాలా కాలేజీలకు ఏళ్లు పట్టింది.

పదింటి పీరియడ్, పదీ ఇరవైకి బస్సు

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. మహిళా కాలేజీల విషయంలో గత పదేళ్లలో వచ్చిన విధానాలన్నిటిలో దీని ప్రభావమే ఎక్కువేమో, విద్యా శాఖకు దీంతో ఏ సంబంధమూ లేకపోయినా. బస్ పాస్ డబ్బుల కోసం ఇంట్లో అడగాల్సిన పని పోయింది. ములుగు నుంచి హనుమకొండకు సుమారు 50 కిలోమీటర్లు. రోజూ వచ్చిపోవడం ఇంతకుముందు ఖర్చుతో కూడిన పని, ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అయితే ఖర్చు పోయింది గానీ రద్దీ పెరిగింది, ఎక్కలేక వదిలేసిన బస్సు తర్వాత వచ్చే బస్సుకు కాలేజీకి చేరేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోతుంది. 75 శాతం హాజరు నిబంధన ఆ అమ్మాయి మీద ఎలా పనిచేస్తుందో చూడండి: పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరిన పిల్ల, రోజంతా కాలేజీలో ఉన్న పిల్ల, మొదటి పీరియడ్ సబ్జెక్టులో మాత్రం హాజరు తక్కువై, ఆ లోటును మాఫీ చేయించుకోవడానికి కండొనేషన్ ఫీజు కట్టాల్సి వస్తుంది.

దీనికి మందు పెద్దదేం కాదు. మొదటి గంటలో కష్టమైన పేపరు పెట్టకుండా లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్, ఆటలు, ట్యుటోరియల్ లాంటివి పెట్టి, ఎకనామిక్స్‌లాంటి అసలు పాఠాలు పదిన్నర తర్వాతకు జరపడం. సాయంత్రం ఆఖరి పీరియడ్ చలికాలంలో ఇంకాస్త ముందుకు తేవడం, ఎందుకంటే డిసెంబరులో ఆరింటికల్లా చీకటి పడుతుంది, ఊరి స్టేజీ దగ్గర దిగి ఇంటికి నడవాల్సింది ఆ పిల్లే. ఏ రూట్‌లో ఎందరు అమ్మాయిలున్నారో లెక్క తీసి డిపో మేనేజర్‌కు ఒక లేఖ ఇస్తే కొన్నిసార్లు బస్సు పావుగంట ముందుకు జరుగుతుంది. జరగకపోవచ్చు కూడా. కానీ ఆ లెక్క తీయడం వల్ల కాలేజీకి తన పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో మొదటిసారి తెలుస్తుంది, అది డిపో బస్సుకన్నా విలువైన సంగతి.

అలాగే పత్తి. అక్టోబరు దాటితే పత్తి ఏరడానికి ఇంట్లో చేతులు కావాలి, కూలీ రేటు పెరిగిన కొద్దీ ఇంటి ఆడపిల్ల మీద ఆ భారం పడుతుంది. కాస్త ఆగితే మిర్చి. ఇంటర్నల్ పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లో పెట్టి, తర్వాత ఎందుకు గైర్హాజరయ్యారని నోటీసు అంటించే కాలేజీకి తన జిల్లా ఏమిటో తెలియదని అనుకోవాలి. సెమిస్టర్ తేదీలు విశ్వవిద్యాలయం ఇస్తుంది సరే, ఇంటర్నల్స్ ఏ వారంలో పెట్టుకోవాలన్న వెసులుబాటు కొంత కాలేజీకి ఉంటుంది. ఆ కొంతను వాడుకోవడమే ఇక్కడ నాయకత్వం.

పెళ్లిళ్ల సంగతి ఇంకా సున్నితం. కల్యాణలక్ష్మి 2014 అక్టోబరులో మొదలైంది, ఇప్పుడు సాయం 1,00,116 రూపాయలు, అమ్మాయికి పద్దెనిమిది నిండి ఉండాలి. ఆ షరతు వల్ల చిన్నతనపు పెళ్లిళ్లు కొంత వెనక్కి జరిగాయని చాలామంది నమ్ముతారు. కానీ పద్దెనిమిది నిండేది ఎప్పుడు? సరిగ్గా డిగ్రీ ఫస్టియర్, సెకండియర్‌లో. మాఘం వచ్చిందంటే క్లాసులో ఒకటి రెండు బెంచీలు ఖాళీ. ఇక్కడ కాలేజీ చేసే పెద్ద తప్పు, తండ్రి అడిగిన రోజే టీసీ చేతిలో పెట్టి పంపించడం. ఆఫీసుకు ఒక ఫైలు తగ్గుతుంది, అమ్మాయికి చదువు ఆగిపోతుంది. పెళ్లి అయినంత మాత్రాన సీటు పోదని, సెమిస్టర్ ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చని, ఆగిపోయిన పేపర్లు తర్వాత సప్లీలో రాసుకోవచ్చని చెప్పి, అత్తగారి ఊరి నంబర్ కూడా రాసుకుని పంపే కాలేజీలో కొందరైనా తిరిగి వస్తారు. ఈ మాట ఎవరు చెబుతారన్నది కూడా ముఖ్యమే. కౌంటర్ దగ్గర జూనియర్ అసిస్టెంట్ చెబితే ఒకలా ఉంటుంది, ప్రిన్సిపాల్ మేడం కుర్చీ వేసి కూర్చోబెట్టి, “అన్నా, ఇంకా మూడు సెమిస్టర్లే కదా” అంటే ఇంకోలా ఉంటుంది.

బీఏ ఎందుకు పనికొస్తుంది అని అడిగితే

ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. జవాబు చెప్పేటప్పుడు కాలేజీలు రెండు రకాలుగా తప్పు చేస్తున్నాయి.

మొదటి తప్పు బీఏను వదిలేయడం. బీకాం కంప్యూటర్స్‌కు, డేటా సైన్స్‌కు గిరాకీ ఉంది, సీట్లు అటు పెంచుకుని బీఏను చావనిద్దాం అనుకోవడం. కాగితం మీద సమంజసంగానే కనబడుతుంది. అయితే బీఏకు వచ్చే అమ్మాయి ఎవరు? ఎక్కువగా ఇంటర్ తెలుగు మీడియంలో సీఈసీ, హెచ్ఈసీ చదివినామె, ఇంటి నుంచి కాలేజీకి వచ్చిన మొదటి మనిషి. బీఏ మూసేస్తే ఆమె బీకాంకు మారదు, చాలాసార్లు చదువే మానేస్తుంది. మహిళా కాలేజీ పెట్టింది ఎవరి కోసమో వాళ్లకే తలుపు మూసినట్టవుతుంది.

రెండో తప్పు బీఏను గ్రూప్స్ కోచింగ్‌గా అమ్మడం. ఇందులో నిజం లేకపోలేదు. గ్రూప్-2లో 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లు, మొత్తం 600. జనరల్ స్టడీస్ తీసేస్తే మిగతా మూడూ చరిత్ర, పాలిటీ, సమాజం, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం. బీఏ క్లాసులో చెప్పేవే. బీఏ అంటే చిన్నచూపు చూసి బీఎస్సీ చేసిన అమ్మాయి, ఆ తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని, ఫీజు కట్టి, తెలుగు అకాడమీ పుస్తకాలు ముందేసుకుని చదివేది మళ్లీ అదే చరిత్ర, అదే ఎకానమీ. ఈ మాట అడ్మిషన్ల టైంలో చెప్పడం తప్పు కాదు. కానీ మొత్తం కోర్సును దానికే వేలాడదీస్తే ప్రమాదం. 2022 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చిన గ్రూప్-2కు పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. 2022లో ఇచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, చివరికి 2024లో కొత్త నోటిఫికేషన్ ఇవ్వాల్సి వచ్చింది, 563 పోస్టులకు. మూడేళ్ల డిగ్రీని ఇలాంటి క్యాలెండర్‌కు కట్టేస్తే, నోటిఫికేషన్ ఆగిన ఏడాది బీఏ కూడా ఆగిపోతుంది.

మరి మధ్యదారి ఏది? సీబీసీఎస్‌లో స్కిల్ ఎన్‌హాన్స్‌మెంట్ పేరుతో రెండు క్రెడిట్ల పేపర్లు ఉంటాయి. చాలా కాలేజీల్లో వాటిని వర్క్‌లోడ్ తక్కువున్న లెక్చరర్‌కు సర్దుబాటుగా ఇచ్చేస్తారు, పిల్లలు గైడు కొనుక్కుని పాసైపోతారు. అటానమస్ హోదా ఉన్న కాలేజీకైతే సిలబస్ ఖరారు చేసే సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది, పట్టా విశ్వవిద్యాలయమే ఇచ్చినా సిలబస్‌లో చొరవ తీసుకోవచ్చు. హోదా లేని కాలేజీ కూడా ఉన్న పేపర్‌నే ఎలా చెప్పాలో నిర్ణయించుకోవచ్చు, ప్రాజెక్టుగా ఏమివ్వాలో నిర్ణయించుకోవచ్చు. ఇక్కడే వరంగల్‌కు ఉన్న బలం బయటపడుతుంది. రామప్ప గుడి 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కోట, వేయి స్తంభాల గుడి బస్సు దూరంలో ఉన్నాయి. గుడి గురించి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పది నిమిషాలు తడబడకుండా చెప్పగలిగేలా హిస్టరీ, ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లు కలిసి ఒక పేపరు నడపొచ్చు. వరంగల్ దర్రీలకు (చేనేత జంపఖానాలకు) 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, కొత్తవాడలో మగ్గం మీద కూర్చున్న ఇంటికి వెళ్లి నూలు ధర ఎంత, కూలీ ఎంత, మధ్యలో ఎవరికి ఎంత మిగులుతుంది అని లెక్క రాసుకొస్తే అది ఎకనామిక్స్. ములుగులో సమ్మక్క సారక్క కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో చట్టం అయింది, అక్కడ పీజీకో పరిశోధనకో వెళ్లగలిగే అమ్మాయిలు తయారవ్వాల్సింది ఈ కాలేజీల్లోనే.

కమిషనరేట్ నడిపే జిజ్ఞాస స్టడీ ప్రాజెక్టులు ఇందుకు మంచి సాకు. సాకు అనడం ఎందుకంటే, చాలాచోట్ల పోటీకి పంపడానికి ఒకటి రెండు ప్రాజెక్టులు తయారు చేసి, ఫొటోలు దిగి, అక్కడితో వదిలేస్తారు. అదే పనిని సెకండియర్ మొత్తానికి అలవాటు చేస్తే ఏమవుతుందో ఊహించండి. పత్తి ఏరే కూలీల రోజువారీ సంపాదన మీద ఒక సర్వే. ఎనుమాముల మార్కెట్లో పనిచేసే ఆడవాళ్లతో మాటలు. సొంత అమ్మనే ఇంటర్వ్యూ చేసి, ఆ అంకెలు ఎక్సెల్‌లో వేసి, పట్టిక గీసి, రెండు పేజీలు రాసిన అమ్మాయికి బీఏ ఎందుకని ఎవరైనా అడిగితే చూపించడానికి చేతిలో కాగితం ఉంటుంది. లిబరల్ ఆర్ట్స్ అని హైదరాబాద్, ఢిల్లీ ప్రైవేటు యూనివర్సిటీలు లక్షల ఫీజు తీసుకుని నేర్పేదాంట్లో సగం ఇదే, పేరే ఖరీదు.

భాష సంగతి కూడా ఇందులోనే ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీలో చాలాచోట్ల ఇంగ్లిష్ మీడియం. మొదటి నెలలో లెక్చరర్ ఇంగ్లిష్ నోట్సు డిక్టేట్ చేస్తే అమ్మాయి అర్థం కాని మాటలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటుంది, అంతే. ఫస్టియర్‌కు కాలేజీలోకెల్లా బాగా చెప్పే సీనియర్‌ను వేయాలి, రెండు భాషల్లోనూ చెప్పగలిగే మనిషిని వేయాలి. ఆనవాయితీ దీనికి ఎదురు: సీనియర్లు ఫైనలియర్, పీజీ తీసుకుంటారు, ఫస్టియర్ గెస్ట్ ఫ్యాకల్టీకి పోతుంది. ఈ ఒక్క ఆనవాయితీని తిరగేయడం ప్రిన్సిపాల్ చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా గొడవైనది కూడా.

గొడవ ఎందుకంటే స్టాఫ్ భయాలు ఊహల్లోంచి రాలేదు. యూజీసీ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ అయితే 14 గంటలు పాఠం చెప్పాలి. సెక్షన్ తగ్గితే గంటలు తగ్గుతాయి, గంటలు తగ్గితే మిగులు సిబ్బంది కింద చూపించి ఇంకో ఊరికి పంపొచ్చు. గెస్ట్ లెక్చరర్ పరిస్థితి ఇంకా అన్యాయం, ఆయనకు పీరియడ్ ఉంటేనే డబ్బులు. కొత్త పేపరు, కొత్త టైం టేబుల్ అన్న మాట వినగానే స్టాఫ్ మీటింగ్‌లో ఎవరూ మాట్లాడకపోతే అది బద్ధకం కాదు, ఎవరి గంటలు ఎటు పోతాయోనన్న లెక్క. ఆ లెక్కను ముందే కాగితం మీద వేసి, ఎవరికీ గంటలు తగ్గవని చూపించి, తర్వాత మీటింగ్ పెట్టే ప్రిన్సిపాల్‌కు పని అవుతుంది. ముందు మీటింగ్ పెట్టి ప్రసంగం చేసేవాళ్లకు చప్పట్లు వస్తాయి.

ప్రైవేటు మహిళా కాలేజీల్లో ఈ కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ అన్నిటికీ మూలం డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో రాష్ట్రమంతా ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. బకాయి పడిన కాలేజీలో ముందు ఆగేది లెక్చరర్ జీతం, తర్వాత ఆగేది విద్యార్థిని సర్టిఫికెట్. నాలుగు నెలలు జీతం రాని మనిషితో పాఠ్యప్రణాళిక సంస్కరణ గురించి మాట్లాడటం కుదిరే పని కాదు.

ఇక కాలేజీలకు గుర్తింపు గ్రేడు ఇచ్చే న్యాక్. ఏడు ప్రమాణాలు, కాలేజీ తన గురించి తానే రాసుకునే నివేదిక ఎస్ఎస్ఆర్, ఏటా పంపే నాణ్యతా నివేదిక ఏక్యూఏఆర్, కాలేజీలో నాణ్యత చూసే విభాగం ఐక్యూఏసీ గదిలో వరసగా ఫైళ్లు. బృందం వచ్చే ముందు గోడలకు రంగులు, కుండీల్లో కొత్త మొక్కలు. దీన్ని ఎగతాళి చేయడం తేలిక. అందులో ఒక్క ప్రమాణం మాత్రం మహిళా కాలేజీకి నిజంగా పనికొచ్చేది: చదువు అయిపోయాక పిల్లలు ఏమయ్యారు అన్న ప్రశ్న. దానికి చాలా కాలేజీల దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే అడ్మిషన్ రోజు రాసుకున్న ఫోన్ నంబర్ అమ్మాయిది కాదు, తండ్రిదో అన్నదో. పెళ్లయ్యాక ఊరు మారుతుంది, చాలామందికి ఇంటిపేరు మారుతుంది, నంబర్ మారుతుంది. అబ్బాయిల కాలేజీల పూర్వ విద్యార్థుల సంఘంలో ఒక ఎమ్మెల్యే, ఇద్దరు కాంట్రాక్టర్లు ఉంటారు, మీటింగ్ అంటే వచ్చి వాటర్ కూలర్ ఇచ్చిపోతారు. మహిళా కాలేజీ పూర్వ విద్యార్థినులు అంతకన్నా ఎక్కువే ఉంటారు, టీచర్లు, నర్సులు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, పంచాయతీ కార్యదర్శులు, సర్పంచులు. వాళ్లెక్కడున్నారో కాలేజీకే తెలియదు.

దీని విలువ ఎంతో చెప్పడానికి ఒక దూరపు ఉదాహరణ. అమెరికాలో మగపిల్లల కాలేజీలు ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలైన తర్వాత మహిళా కాలేజీలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. వాసర్ 1969లో అబ్బాయిలకు తలుపు తెరిచింది, కాలిఫోర్నియాలోని మిల్స్ కాలేజీ 2022లో వేరే విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. వర్జీనియాలోని స్వీట్ బ్రయర్ కాలేజీని 2015 మార్చిలో మూసేస్తున్నామని దాని బోర్డే ప్రకటించింది. పూర్వ విద్యార్థినులు చందాలు పోగేసి, కోర్టు దాకా వెళ్లి, వేసవి పూర్తిగా రాకముందే ఆ నిర్ణయాన్ని ఆపించారు. రెండేళ్లకు ఆ కాలేజీ ఫీజు తగ్గించి, పాఠ్యక్రమాన్ని కూడా తిరగరాసుకుంది. వాళ్లకూ మనకూ పోలిక తక్కువ, అక్కడ ఫీజు డాలర్లలో, ఇక్కడ సర్కారు నడిపే చదువు. అయినా ఒకటి మాత్రం గమనించాలి: ఆ కాలేజీ దగ్గర తన పాత విద్యార్థినుల చిరునామాలు ఉన్నాయి.

మన దగ్గరా మహిళా కాలేజీ ఎదిగిన దాఖలా ఉంది. హైదరాబాద్ కోఠి మహిళా కళాశాల 1924లో మొదలై, 2022లో విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఐలమ్మది పాలకుర్తి. వరంగల్ మట్టిలోంచి వచ్చిన పేరు హైదరాబాద్ కాలేజీకి వెళ్లింది, విశ్వవిద్యాలయం మాత్రం ఇటు రాలేదు. హనుమకొండ వడ్డేపల్లిలోని పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల లాంటివి ఉన్న ఊరికి ఆ స్థాయి ఎప్పటికైనా రావాలంటే కోర్సుల సంఖ్యకన్నా ముందు పూర్వ విద్యార్థినుల బలం కావాలి. డిపార్ట్‌మెంట్ వారీగా వాట్సాప్ గ్రూపు, అందులో అమ్మాయి నంబర్‌తో పాటు వాళ్ల అమ్మ నంబర్. అల్లుడు నంబర్ మార్పించినా అమ్మ నంబర్ మారదు. ఏటా బతుకమ్మకు పుట్టింటికి వచ్చే రోజుల్లో కాలేజీలో ఒక పూట కలుసుకోవడం. మిగతా ఏడంతా కష్టమైన పని ఆ వారంలో తేలిగ్గా అవుతుంది, ఎందుకంటే అప్పుడు అందరూ ఊళ్లోనే ఉంటారు.

ఇన్ని చేసినా సర్కారు కాలేజీలో ఇంకో చిక్కు ఉంది, ప్రిన్సిపాల్ అక్కడే ఉండరు. బదిలీ వస్తుంది, లేదా రిటైర్మెంట్ వస్తుంది, లేదా ఇంకో కాలేజీకి కూడా అదనపు బాధ్యత అప్పగిస్తే వారంలో మూడు రోజులు ఇటు, మూడు రోజులు అటు. మేడం పేరుతో నడిచిన కార్యక్రమం మేడంతోనే పోతుంది. బోర్డ్ ఆఫ్ స్టడీస్ మినిట్స్‌లోకి ఎక్కిన పేపరు ఉంటుంది, టైం టేబుల్‌లోకి ఎక్కిన పీరియడ్ ఉంటుంది, ఆఫీసు రిజిస్టర్‌లో ఒక గడిగా మారిన అమ్మ ఫోన్ నంబర్ ఉంటుంది. అందుకే తెలివైన ప్రిన్సిపాళ్లు ప్రారంభోత్సవాలు తక్కువ చేస్తారు, గడులు ఎక్కువ గీయిస్తారు.

బదిలీ రోజు చార్జి అప్పగింతలో బీరువా తాళాలు, క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్లు, సీళ్లు చేతులు మారతాయి. మొదటి గంటలో లైబ్రరీ ఎందుకు పెట్టారో రాసుండే జాబితా ఏదీ అందులో ఉండదు. కొత్తగా వచ్చిన మేడం మొదటి వారంలో ఆ టైం టేబుల్ చూసి, ఎకనామిక్స్ పదింటికి కాకుండా పదిన్నరకు ఎందుకుందని అడుగుతారు. ములుగు బస్సు పదీ ఇరవైకి వస్తుంది మేడం అని చెప్పే సీనియర్ అసిస్టెంట్ ఒకరు ఆఫీసులో ఉంటే, ఆ పీరియడ్ అక్కడే ఉంటుంది.